అనధికారులకు సత్యము చెప్పవచ్చునా?



నేటి యుపాసనానంతరమున మీతో ప్రస్తావింప నేనెంచుకొన్న విషయము క్రొత్తది కాదు. విద్యావంతులమని యనిపించుకొను మనము ఇంటను వీథిని దినదినమును ఎదుర్కొనుచు, ఎదుర్కొనినప్పుడెల్ల తప్పించుకొని పోవుచుండునదియే. పరమార్థవిషయమున మనము నిజమని నమ్మినదానిని, గ్రహించు శక్తి కలదో లేదో తెలియనివారి యెదుట దాపఱికము లేక పలుకవచ్చునా? లేక వారివారి తాహతునకు దగినట్లు కొంత దాచి, కొంత మార్చి చెప్పుట మేలా? ఇదియే ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథములవలన గాక యొక వృద్ధురాలివలన కలిగినది. కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామమున కూలిపని చేసికొని బ్రదుకు నొక వితంతువునకు ఎనిమిదేండ్ల మనుమడు జ్వరముచే మరణించెను. కర్మములు ముగిసిన పిమ్మట నొకనాడామె మా యరుగు క్రింద నిలుచుండి, "బాబుగారూ, మీరు చదువుకొన్నవారు. కిందటేడు జాతరకు అమ్మవారి మొక్కు చెల్లించలేకపోయాను. అందుకే నా పిల్లవాణ్ణి తీసుకుపోయిందా?" అని యడిగెను. నాకు ప్రత్యుత్తరము తెలియకపోలేదు. అయినను, కార్యకారణసంబంధ మననేమో, ఈశ్వరుడు ప్రతీకారపరుడు కాడనుట యెట్టిదో ఈమెకెట్లు బోధపడును? ఉన్న యూరటను గూడ పోగొట్టుట యేల? అని తలపోసి, "ఊరడిల్లుమమ్మా, ఆ మ్రొక్కేదో చెల్లించుకొనుము, నీ మనస్సు కుదుటబడును" అని చెప్పి పంపితిని. లోకజ్ఞత గలవాడనై ప్రవర్తించితినని లోలోపల సంతసించితిని గూడ. పది దినములకు, ఆమె తన పాడిమేకను అమ్మి మ్రొక్కు తీర్చెనని వింటిని. మిగిలియున్న మనుమరాలు పెరుగుచుండినది ఆ మేకపాలతోనే.

ఆ నాటినుండి యీ విషయమును గూర్చి నేను తఱచుగా నాలోచించుచున్నాను. నా మౌనమునకు మూల్యమును చెల్లించినది నేను కాదు.

అజ్ఞులకు తత్త్వము చెప్పరాదనువారు సాధారణముగా మూడు హేతువులను చూపుచుందురు. శాస్త్రము నిషేధించినదనుట మొదటిది. చెప్పిన సత్యము వారికందక, ఉన్న విశ్వాసము చెడి, వారు రెంటికి చెడినవారగుదురనుట రెండవది. విన్నదానిని విపరీతముగా గ్రహించి అనర్థము తెచ్చుకొందురనుట మూడవది. వీనిలో నొక్కటియు తేలికగా త్రోసివేయదగినది కాదు. కావున నొక్కొక్కదానినే విచారింతము.

శాస్త్రవాదులు ముందుగా భగవద్గీత మూడవ యధ్యాయమునందలి యిరువదియాఱవ శ్లోకమును చూపుదురు. కర్మాసక్తులగు అజ్ఞుల బుద్ధిని కలత పెట్టరాదని యందు చెప్పబడిన మాట వాస్తవమే. కాని యచ్చట ప్రస్తుతమైనది కర్మము. జ్ఞాని తన జ్ఞానమును నెపముగా జేసికొని పనులు మాని, చూచువారిచే గూడ మాన్పింపరాదనియు, తాను చక్కగా నాచరించుచు వారిచే నాచరింపజేయవలెననియు దాని భావము. అజ్ఞులకు అసత్యము చెప్పుమని గాని, సత్యమును దాచుమని గాని యందెచ్చటను లేదు.

అదియును గాక, ఆ యధ్యాయమెట్లు ప్రారంభమగుచున్నదో చూడుడు. రెండవ యధ్యాయమంతయు విన్న యర్జునుడు, కలగాపులగమువలె నున్న మాటలతో నా బుద్ధిని మోహపెట్టుచున్నావేమి, నాకు శ్రేయస్కరమగు నొక్కదానిని నిశ్చయించి చెప్పుమని మొఱపెట్టుకొనెను. అనగా శ్రోతకు బోధపడలేదు. బోధపడలేదని యతడే యొప్పుకొనెను. అప్పుడు శ్రీకృష్ణుడు, నీ వధికారివి కావు, ఇంతటితో చాలునని ముగించెనా? ఇంకను పదునాఱు అధ్యాయములు బోధించెను. తుదకు, చెప్పినదంతయు చక్కగా విమర్శించుకొని నీ కెట్లు తోచిన నట్లు చేయుమని విడిచిపెట్టెను. గీతలో సత్యమును దాచుటకు ప్రమాణము వెదకువారు, గీత పుట్టుటయే అర్థము కాని శ్రోతయెదుట జంకక చెప్పుటవలన నని మఱచుచున్నారు.

మనుస్మృతి నాలుగవ యధ్యాయమునుండి అప్రియసత్యమును పలుకరాదను మాట మఱియొకటి తఱచు వినవచ్చును. ఆ శ్లోకమందే ప్రియమైనను అసత్యమును పలుకరాదని వెంటనే చెప్పబడియున్నది. మనలో ననేకులకు మొదటి సగము కంఠస్థము. రెండవ సగము జ్ఞప్తికి రాదు. నేనా వృద్ధురాలితో పలికినది ప్రియమగు అసత్యము గాక మఱేమి?

ఇక రెండవ హేతువు. ఈ యాక్షేపణమును మన పూర్వులు స్వయముగా నెదుర్కొనిరి. 1815వ సంవత్సరమున రాజా రామమోహనరాయలవారు వేదాంతసూత్రములకు వంగభాషలో వివరణము రచించి కలకత్తాలో ప్రకటించిరి. మఱుసటి యేట ఈశ కేనోపనిషత్తులను, 1817లో కఠ మాండూక్యములను ఆ భాషలోనికి దెచ్చిరి. వేదాంతమును దేశభాషలో నుంచి శూద్రులు వినునట్లు చేయుట పాపమని కొందఱు పండితులు ఘోషించిరి. 1817లో వేదాంతచంద్రిక యను ఖండనగ్రంథము వెలువడెను. అంతకు పూర్వమే, 1816 డిసెంబరులో, మన చెన్నపట్టణమున కోట కళాశాలయం దాంగ్లోపాధ్యాయుడగు శంకరశాస్త్రిగారు మద్రాసు కొరియరు పత్రికలో ప్రతివాదము ప్రకటించిరి. రాయలవా రిరువురకును ప్రత్యుత్తరము లిచ్చిరి.

పాపమని చెప్పినవారికి వారిచ్చిన సమాధానము మిక్కిలి సులభమైనది. మీరు శిష్యులకు శాస్త్రములను బోధించునప్పుడు వాని యర్థమును దేశభాషలోనే చెప్పుచున్నారు గదా! పంచమవేదమని మీరే కీర్తించు మహాభారతమును శూద్రులయెదుట నర్థసహితముగా వినిపించుచున్నారు గదా! అట్టి మీరే దేశభాషను దోషమనుటెట్లు? అని వారడిగిరి.

అయితే రామమోహనుని ఘనత యీ వాదమునందు మాత్రమే లేదు. శ్రోతలకు బోధపడకపోవచ్చునని ఆయనయును ఎఱుగును. ఆ కాలమున వంగభాషలో వచనగ్రంథములు చదువు నలవాటే జనులకు లేదు. అందుచేత ఆయన తన వేదాంతగ్రంథమునకు ముందుమాటలో, వాక్యమందు క్రియ యెచ్చటనున్నదో యెట్లు గుర్తింపవలెను, ఎప్పుడు, ఏది, ఎట్లు అను పదములను అప్పుడు, అది, అట్లు అను పదములతో నెట్లు కలుపుకొనవలెను అని పాఠకునికి చదువుట యెట్లో నేర్పిరి. ఉపనిషత్తుల తత్త్వమును చెప్పబూనిన మహాపండితుడు క్రియాపదమును చూపించుటకు సిగ్గుపడలేదు. శ్రోతకు శక్తి లేదని తెలిసినపుడు చేయదగిన కార్యమిది. శక్తి లేదని నోరుమూసికొనుట సులభము. శక్తిని కలిగించుట కష్టము. మనము మొదటిదానికి వివేకమని పేరుపెట్టుకొనుచున్నాము. ఆయన తన గ్రంథములను వెల గొనక పంచిపెట్టిరి. ఎవరు చదువుదురో, ఎవరు గ్రహింతురో ముందుగా తూచి యీయలేదు.

ఇచ్చట మన యాంధ్రులకు సంబంధించిన యొక వృత్తాంతమును చెప్పక తప్పదు. 1828 ఆగష్టు 20వ తేదీని కలకత్తాలో చిత్పూరు వీథిలోని యొక యద్దె యింట బ్రహ్మసభ స్థాపింపబడెను. శనివారము సాయంకాలములయందు ప్రార్థన జరుగుచుండెను. ఉత్సవానందవిద్యావాగీశుడు ఉపనిషత్తులను చదువగా, రామచంద్రవిద్యావాగీశుడు వంగభాషలో వ్యాఖ్యానించుచుండెను. పిమ్మట కీర్తనలు పాడుచుండిరి. వీనికన్నిటికి ముందు వేదపఠనము. ఆ వేదమును చదివినవారు ఇరువురు తెలుగు బ్రాహ్మణులు. వారు చదివినది సభామధ్యమున గాదు, ప్రక్క గదిలో. అందు బ్రాహ్మణేతరులకు ప్రవేశము లేదు.

సోదరులారా, ఆ సభను కన్నులయెదుట నుంచుకొనుడు. జాతిమతభేదము లేక యెల్లరును ఒక్క పరమేశ్వరు నుపాసింపవలెనని 1830 జనవరిలో వ్రాయబడిన ధర్మకర్తృత్వపత్రమునందు ప్రకటించుకొన్న సంఘము. ఆ సంఘముననే యొక గోడ, గోడకావల మన వేదపాఠకుల స్వరము. అచటి పెద్దలను నిందించుటకు నేనీ మాట చెప్పుటలేదు. కాలము కఠినమైనది, వారు చేసినదే మహాకార్యము. తరువాత దేవేంద్రనాథఠాకూరుగా రా మఱుగును తొలగించి, వేదము సర్వజన సమక్షమున చదువబడునట్లు చేసిరి. కాని యా గోడ కలకత్తాలో కూలినది గాని మన హృదయములలో కూలినదా? లోపలి గదిలో మిత్రులతో నొక తత్త్వము, బయటి యరుగుమీద సేవకులతో మఱియొక తత్త్వము. భోజనానంతరము నిరాకారము, పెండ్లిపందిటిలో శకునము. ఇట్లు రెండు మతములు గల మనము ఏక దేవోపాసకులమని చెప్పుకొనుట న్యాయమా?

ఆ దేవేంద్రనాథుని జీవితమందే రెండవ యాక్షేపణమునకు దృష్టాంతపూర్వకమగు సమాధానము కలదు. యౌవనమున మనఃకల్లోలము ననుభవించుచుండిన దినములలో, ఒక సంస్కృతగ్రంథమునుండి చినిగిన కాగిత మొకటి గాలికి యెగురుచు వచ్చి యాయనయెదుట పడెను. అందేమున్నదో ఆయనకు తెలియలేదు. రామచంద్రవిద్యావాగీశుని రావించి చదివింపగా, అది ఈశోపనిషత్తునందలిదని తేలెను. దాని యర్థము విన్న క్షణమున స్వర్గమునుండి అమృతము తనపై కురిసినట్లాయెనని యాయనయే తన స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. 1839లో తత్త్వబోధినీసభ వెలసినది దాని ఫలముననే. ఆ పుట తన్ను చదువబోవువాడు అధికారియా కాదా యని విచారింపలేదు. చదివినవాడు బోధపడలేదని పాఱవేయలేదు, తెలిసినవారి నడిగెను. ఎవని హృదయమున నేది యెప్పుడు మొలకెత్తునో యెఱుగుదుమని చెప్పువాడు ఈశ్వరుని కార్యమును తాను వహింపజూచుచున్నాడు.

మూడవ హేతువు వీనియన్నిటికంటె బలమైనది. సత్యము విపరీతముగా గ్రహింపబడదా? గ్రహింపబడును. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ ప్రపాఠకము దీనినే యొక కథగా చెప్పుచున్నది. ఇంద్రుడును విరోచనుడును ప్రజాపతియొద్ద ముప్పదిరెండు సంవత్సరములు బ్రహ్మచర్యము సలిపి యాత్మను గూర్చి యడిగిరి. నీటి పాత్రలో కనబడు ప్రతిబింబమును చూపి ఆయన చెప్పినదానిని విని, ఈ దేహమే యాత్మయని తలచి యిరువురును తృప్తులై వెడలిరి. విరోచనుడు అసురులకు దేహపూజనే బోధించెను. ఇంద్రునికి దారిలో సంశయము కలిగెను: దేహము కుంటిదైన నాత్మయు కుంటిదగునా? దేహము నశించిన నాత్మయు నశించునా? అతడు తిరిగి వచ్చెను. మఱల సంశయించెను, మఱల వచ్చెను. నూటయొక్క సంవత్సరములకు గాని యతనికి విషయము విశదము కాలేదు.

విన్న మాట యొక్కటియే. ఒకడు చెడెను, ఒకడు బాగుపడెను. విరోచనుడు చెడునని ప్రజాపతి మౌనము వహించియున్న యెడల ఇంద్రునికిని జ్ఞానము లేకపోయెడిది. ఇంతకును విరోచనుని చెఱచినది విన్న మాట కాదు. మఱల వచ్చి యడుగకపోవుట. అపార్థమునకు మందు మౌనము కాదు, ప్రశ్న. తలుపు తెఱచియుంచిన గురువునొద్దకు శిష్యుడు తిరిగి రాగలడు. మూసిన తలుపునొద్దకు ఎవడు వచ్చును?

గౌతమబుద్ధుని చరిత్రము గూడ నిదియే తెలుపుచున్నది. తానెఱిగిన ధర్మము గంభీరమైనదనియు, భోగాసక్తమగు లోకము దానిని గ్రహింపదనియు, చెప్పుట వ్యర్థశ్రమ యనియు ఆయన మొదట సంకోచించినట్లు పాలిగ్రంథములు చెప్పుచున్నవి. పిదప లోకమును పరికించి, కొలనిలో కొన్ని తామరలు నీటిలోపలనే యుండును, కొన్ని నీటిమట్టమున నుండును, కొన్ని నీటిని మించి నిలుచును, జనులును అట్టివారే యని తెలిసికొని బోధింప నిశ్చయించెను. ఆయనకు దారిలో నెదురైన మొదటి శ్రోత ఉపకుడను ఆజీవకుడు. అతడు విని, కావచ్చునని తలయూచి, వేఱొక త్రోవను పోయెను. ప్రపంచమున నంతటి బోధకుని మొదటి ప్రయత్నము నిష్ఫలము! అయినను బుద్ధుడు వెనుకకు మరలక కాశీసమీపమున మృగదావమునకు నడచెను. అచ్చటి యైదుగురిలోను మొదట గ్రహించినవాడు కొండన్న యొక్కడే. మన మాటను ఒక్కడు తలయూచి త్రోసిపుచ్చినంతనే, జనులకు బోధింప వీలులేదని మనము తీర్మానించుకొనుట యెంత యల్పత్వము!

ఇంతవఱకు నితరుల యాక్షేపణములను విచారించితిమి. ఇక మన హృదయములను పరీక్షించుకొందము. వారికి బోధపడదని మనమనునప్పుడు నిజముగా మనము కాపాడుచున్నది వారినా, మనలనా? సత్యము చెప్పినయెడల ఇరుగుపొరుగువారు మొగము మాడ్చుకొందురు, వియ్యాలవారు వెనుదీయుదురు, తల్లి కన్నీరు పెట్టుకొనును, గ్రామమున పెద్దఱికము తగ్గును. ఈ భయములను పైకి చెప్పుకొనుట సిగ్గు గనుక, ఎదుటివాని యజ్ఞానమును ముసుగుగా కప్పుకొనుచున్నాము. అతని నజ్ఞుడని మనము నిర్ణయించుటయే యతనికి చేసిన మొదటి యవమానము. ఆ నిర్ణయమును దయ యని పిలుచుట రెండవది.

అట్లని సత్యము పేర పరుషముగా పలుకుటను నేను సమర్థించుటలేదు. మనలో దాని దోషమును లేకపోలేదు. ఒకని విగ్రహమును చూచి నవ్వుట నిష్కాపట్యము కాదు, గర్వము. దాపఱికము లేక పలుకదలచినవాడు కొన్ని నియమములను పాటింపవలెను.

వారి భాషలో చెప్పవలెను. వేమన యోగి ఆటవెలదులలో తత్త్వము చెప్పెను. పండితులు విద్యాహీనులని తలచిన జనులే ఆ పద్యములను తరతరములు నోట నిలిపిరి. బ్రౌను దొరగారు 1824 మొదలు వానిని సేకరించి 1829లో అచ్చొత్తింపగలిగినది అనధికారులు భద్రపఱచియుంచుటవలననే గదా! తెలిసినంతవఱకే చెప్పవలెను, తెలియనిచోట తెలియదని చెప్పుటయు సత్యమే. ప్రశ్నకు తావీయవలెను; ప్రత్యుత్తరమునకు కోపగింపరాదు. ఒకని చేతికఱ్ఱను తీసివేయుదుమేని మన భుజము నీయవలెను. దుఃఖితునికి సత్యము చెప్పి మన యింటికి పోయి నిదురించుట సత్యవ్రతము కాదు. అన్నిటికంటె ముఖ్యముగా, చెప్పినదానిని మన యింట ఆచరింపవలెను. శాస్త్రార్థము తెలియనివారు సైతము నడవడిని చదువగలరు.

ఆ వృద్ధురాలి మాట చెప్పి విరమింతును. మేకనమ్మిన సంగతి విన్న పిమ్మట కొన్ని దినములు నాకు నిద్రపట్టలేదు. తుదకొకనాడు ఆమె గుడిసెకు పోయి, "అమ్మా, ఆనాడు నీతో నిజము చెప్పనైతిని. నీ మనుమడు మ్రొక్కు తీరలేదని చనిపోలేదు, జ్వరమువలన చనిపోయెను. నిన్ను నన్ను పుట్టించిన తండ్రి బిడ్డల ప్రాణములకు వెలగట్టువాడు కాడు. నీవలన తప్పేమియు లేదు" అని చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట నిట్లనెను: "అమ్మ అని పిలుస్తాం కదా బాబూ. అమ్మ అయితే మొక్కు కోసం పసివాణ్ణి చంపుతుందా అని నాకూ అనిపించింది. పైకి అంటే పాపమని నోరు మూసుకున్నాను. మీరైనా ఆనాడే ఈ మాట అనకపోయారా?"

ఆమె కర్థము కాదని నేను దాచినది ఆమె హృదయమున నంతకు ముందే యున్నది. ఆమెకు కొఱవడినది బుద్ధి కాదు. ఆ మాటను పైకి పలికి తోడు నిలుచువాడు. నేనామెకొక మేకను కొనియిచ్చితిని. అది దానము కాదు, ఋణవిమోచనము. ఆమె యిప్పుడు బ్రహ్మవాదిని యైనదని నేను చెప్పను. జాతరకు మునుపటివలెనే పోవుచుండెను. కాని మనుమరాలికి జ్వరము వచ్చినపుడు మ్రొక్కుకొనుటకు ముందుగా వైద్యుని యొద్దకు తీసికొనిపోయెను. తానే బిడ్డను పోగొట్టితినను సంతాపము ఆమె మొగమునుండి తొలగెను. ఒక్క సత్యవాక్యమున కంతకుమించిన ఫలమును నేను కోరను.

కావున, సోదరులారా, నేడింటికి పోవునప్పుడు ఒక్క పని చేయుడు. ఎవరికి బోధపడదని మీరింతకాలము సత్యమును దాచితిరో, తల్లికో, భార్యకో, పాలికాపునకో, వారిలో నొక్కరిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. వారియెదుట కూర్చుండి, వినయముతో, వారి మాటలలో, మీరు నమ్మినదానిని చెప్పుడు. పిమ్మట వారు చెప్పుదానిని వినుడు.

సత్యస్వరూపుడవగు ఓ పరమపితా! నీ వెలుగును గొందఱికి చూపి కొందఱికి దాచవు. నీ సూర్యుడు పండితుని మేడమీదను కూలివాని గుడిసెమీదను ఒక్కరీతిగనే యుదయించుచున్నాడు. మా నాలుకలయందలి పిఱికితనమును పోగొట్టుము; మా మాటలయందలి గర్వమును కాల్చివేయుము. అజ్ఞులని మేము తలచినవారి హృదయములలో మాకు పూర్వమే నీవు నివసించుచున్నావని యెఱుగు బుద్ధిని ప్రసాదింపుము. మా లోపలి గదికిని బయటి గదికిని నడుమనున్న గోడను నీవే కూల్చుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.